భయం పోయిన నలభై రోజులు

“గురువుగారూ, ఈ భయం నాకెప్పుడు పోతుంది?” అని గౌరీశ్వరరావు అడిగాడు.

అడిగినవాడికి ముప్పై ఒకటో ఏడు. సాలూరులో, కొండెక్కే రోడ్డు మొదట్లో ఉన్న చిన్నంనాయుడు మేస్త్రి షెడ్డులో తొమ్మిదేళ్లుగా కార్లు బాగుచేస్తున్నాడు. అతని పనికి వంక పెట్టినవాళ్లు లేరు. అయినా తన చేతి మీదుగా వెళ్లిన బండి క్షేమంగా కొండ దాటిందన్న కబురు వచ్చేదాకా అతనికి ముద్ద దిగదు. ముందురోజు సాయంత్రం ఒక కారు వెళ్లింది. గోతిలో పడ్డప్పుడల్లా ముందుభాగం ఎగిరెగిరి పడుతోందంటే బుష్షులు మార్చి పంపాడు. పొద్దున్నకి కబురు రాలేదు. ఇంట్లో భార్య పెట్టిన ఇడ్లీలు అలాగే వదిలేసి షెడ్డుకి వచ్చాడు. బావమరిదికి తలుపులూ గొళ్లాలూ అమ్మే దుకాణం ఉంది. అందులో చేరిపోదామని మనసులో అనుకుంటున్నాడు. గొళ్లాలు అమ్మితే ఎవరి ప్రాణమూ తన చేతిలో ఉండదు కదా అన్నది అతని ఆలోచన. ఆ మాట కూడా గురువుతో చెప్పాడు.

చిన్నంనాయుడు మేస్త్రికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా వెంటనే బదులు చెప్పడు. చేతిలో ఉన్న పని ముగించి, చేతులు తుడుచుకుని, ఒక్కోసారి మర్నాటికి చెబుతాడు. అప్పటికి అడిగినవాడే ప్రశ్న మరిచిపోయి ఉంటాడు. ఆ రోజు మాత్రం తుడుస్తున్న స్పానర్ని మధ్యలోనే పక్కన పెట్టేశాడు.

“పోతుంది,” అన్నాడు. “నాకూ ఒకసారి పోయింది. నలభై రోజులు.”

తర్వాత ఆయన చెప్పిన సంగతి ఇది. గౌరీశ్వరరావు నాకు చెప్పినట్టే, నా మాటల్లో చెబుతున్నాను.

ముప్పై ఏళ్ల కిందట చిన్నంనాయుడు కూడా ఇలాంటి భయస్తుడే. బండి తాళం ఇచ్చేముందు మరోసారి దాని కిందికి దూరేవాడు. ఒక్కో చక్రాన్నీ జాకీ మీద లేపి, పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపి చూసేవాడు. తను విప్పని నట్టు మీద కూడా స్పానరు వేసి చూసేవాడు. తోటి మేస్త్రీలు నవ్వేవారు. బండి యజమానులు విసుక్కునేవారు. అతను తల దించుకుని నవ్వేసేవాడే తప్ప మానేవాడు కాదు. మానలేకపోయేవాడు.

అలా ఉండగా ఒక పెద్దమనిషి కారు వచ్చింది. గతుకుల్లో ఘోరంగా వణికే కారు. అది మూడు ఊళ్ల షెడ్లు తిరిగి, ఎవరికీ లొంగకుండా వచ్చింది. చిన్నంనాయుడు దాని లోపం ఒక్క పూటలో పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి పదిమందిలో అతని భుజం తట్టి, “ఈ జిల్లాలో చెయ్యంటే ఇతనిదే” అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. బళ్లు వరసకట్టాయి. ఆ ఒత్తిడిలో ఒకరోజు, చివరిసారి కిందికి దూరి చూడకుండానే ఒక కారు తాళం ఇచ్చేశాడు. ఏమీ కాలేదు. మర్నాడు మరొకటి ఇచ్చాడు. దానికీ ఏమీ కాలేదు. వారం తిరిగేసరికి గుండెల్లో ఆ గుబులు లేదు. అన్నం రుచిగా ఉంది. పడుకోగానే నిద్ర పడుతోంది. ఇన్నేళ్లూ ఏ దెయ్యం పట్టి పీడించిందో అది వదిలిపోయిందని అతను సంతోషించాడు.

నలభయ్యో రోజున పోలినాయుడు వచ్చాడు.

పోలినాయుడు టాక్సీ డ్రైవరు. చిన్నంనాయుడు కంటే పదేళ్లు పెద్ద. కొండ మీది గూడేల్లో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా ఆస్పత్రికి దింపేది అతని తెల్ల కారే. అంతకు రెండు రోజుల ముందే ఆ కారుని షెడ్డులో వదిలి వెళ్లాడు. గొయ్యి తగిలినప్పుడు ఎడమ ముందు చక్రం దగ్గర వణుకు పుట్టి స్టీరింగు దాకా పాకుతోందని చెప్పాడు. చిన్నంనాయుడు తొంగి చూస్తే, గతుకుల్లో చక్రం ఎగిరిపడకుండా ఆపే షాక్ అబ్జార్బర్లలో కుడిది ఆయిలు కారి తడిసి ఉంది. ఇంకేం చూడాలి? కుడిదీ ఎడమదీ రెండూ తీసి కొత్తవి బిగించాడు. బజారు రోడ్డులో ఉన్న గతుకు మీద మూడుసార్లు పోనిచ్చాడు. వణుకు లేదు.

ఆ పొద్దున పోలినాయుడు కూడా కారుని అదే గతుకు మీద నడిపి చూసుకున్నాడు. దిగి, వెంటనే తాళం జేబులో వేసుకోలేదు.

“వణుకు పోయింది మేస్త్రీ. కానీ ఆ ఎడమ చక్రం ఏదో చెప్పబోయి ఆగిపోతన్నట్టుంది.”

“నీది అనుమానం నాయుడూ. బండి బాగయింది, పో.”

“కొండ మీంచి నిండు చూలాలిని దింపాలి. నర్సమ్మ కాసుక్కూచుంది. అందుకని అడుగుతన్నాను.”

“చెప్పాను కదా, బాగయిందని!”

పోలినాయుడు తాళం జేబులో వేసుకున్నాడు. ఆస్పత్రి దగ్గర నర్సు కమలమ్మని ఎక్కించుకుని కొండ మీదికి వెళ్లిపోయాడు.

గంట గడిచింది. చిన్నంనాయుడు నేల మీద పడి ఉన్న పాత సామాన్లు తుక్కులో వెయ్యడానికి తీశాడు. షాక్ అబ్జార్బరు చేతికి వస్తే కడ్డీని ఒకసారి అదమడం మెకానిక్కుల చేతికి అలవాటు. కుడిది అదిమాడు. నీళ్లలోకి దిగినట్టు సర్రున దిగిపోయింది. పాడైపోయిందన్నమాట. ఎడమది అదిమాడు. అది దిగలేదు. బలమంతా పెడితే మెల్లగా, బిగువుగా, ఎదురు తిరుగుతూ దిగింది.

మళ్లీ అదిమాడు. అంతే బిగువు.

అది బాగానే ఉంది. కొత్తదానితో సమానంగా ఉంది.

పోలినాయుడు ఎడమ పక్కే వణుకుతోందన్నాడు. ఎడమది బాగానే ఉన్నప్పుడు అక్కడ వణికింది ఏమిటి? తను మార్చిన సామానుకీ ఆ వణుకుకీ సంబంధమే లేదు. కొత్త షాక్ అబ్జార్బర్లు బిగువుగా ఉండి చక్రాన్ని అదిమి పట్టాయి. జబ్బు పోలేదు, దాని గొంతు మాత్రం నొక్కుకుపోయింది. ఎడమ చక్రాన్ని లేపి ఒక్కసారి ఊపి ఉంటే తెలిసిపోయేది. తను ఊపలేదు. నలభై రోజులుగా ఏ చక్రాన్నీ ఊపలేదు.

అక్కడ వదులు కాగలిగినవి రెండు మూడే ఉంటాయి. వాటిలో ఒకటి బాల్ జాయింటు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే గుండ్రటి కీలు అది. అది తను కూర్చునే గిన్నెలోంచి జారిందంటే చక్రం బయటికి వాలిపోతుంది. ఆ తర్వాత స్టీరింగు ఎటు తిప్పినా ఒకటే. సాలూరు బజారులో జారితే కారు రోడ్డు మీద కూలబడుతుంది. కొండ మలుపులో జారితే కూలబడడానికి రోడ్డుండదు.

జాకీ, ఇనప గడ, నాలుగు స్పానర్లూ గోనెసంచిలో వేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు. అప్పట్లో జేబుల్లో ఫోన్లు లేవు. కొండ మీద ఎవరికీ కబురు చెప్పే దారి లేదు. మొదట వచ్చిన బండి ఉప్పు బస్తాల లారీ. చెయ్యెత్తి ఆపి ఎక్కాడు.

నిండు లోడు మీద ఉన్న లారీ కొండెక్కడం ఎలా ఉంటుందో ఆ దారిన వెళ్లినవాళ్లకి తెలుసు. పక్కన నడిచే మేకలు దాన్ని దాటిపోతాయి. చిన్నంనాయుడు సీటు అంచున కూర్చుని ముందుకి వంగి ఉన్నాడు, తను వంగితే లారీ వేగం పెరుగుతుందన్నట్టు.

“కొంచెం తొక్కు బావూ,” అన్నాడు.

“తొక్కుతూనే ఉన్నాను. ఇంతకంటే పోదు,” అన్నాడు లారీ డ్రైవరు. కాసేపటికి అతని ముఖం చూసి, “ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?” అని అడిగాడు.

చిన్నంనాయుడు కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.

ప్రతి మలుపులోనూ మొదట రోడ్డు మీద చూసేవాడు, తర్వాత లోయలోకి చూసేవాడు. రోడ్డు మీద తెల్ల కారు కనిపించకపోతే గుండె ఆగేది. లోయలోనూ కనిపించకపోతే మళ్లీ కొట్టుకునేది. ఒకచోట పిట్టగోడ విరిగి ఉంది. లారీ ఇంకా కదులుతుండగానే దూకి వెళ్లి చూశాడు. విరిగిన చోట గడ్డి మొలిచి ఉంది. పాతది. తిరిగి పరిగెత్తుకొచ్చాడు. లారీ డ్రైవరు చెయ్యిచ్చి పైకి లాగాడు.

సగం కొండ ఎక్కాక ఎదురుగా ఒక కలప లారీ దిగుతూ వచ్చింది. చిన్నంనాయుడు కిటికీలోంచి తల బయటపెట్టి, తెల్ల టాక్సీ ఎక్కడైనా కనిపించిందా అని అరిచి అడిగాడు.

“గూడెం కాడ ఉంది. ఎవరో ఆడమనిషిని ఎక్కిస్తన్నారు. ఈపాటికి బయల్దేరుంటారు,” అన్నాడు ఆ డ్రైవరు.

కారు ఎక్కడం అయిపోయింది. ఇక దిగడం. బ్రేకు తొక్కిన ప్రతిసారీ బరువంతా ముందు చక్రాల మీదికి వచ్చిపడే దిగడం. లోపల ముగ్గురు మనుషులు. పుట్టబోయేదాన్ని కూడా కలుపుకుంటే నలుగురు.

అప్పుడు అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. ఎదురుపడి గబుక్కున చెయ్యూపితే పోలినాయుడు కంగారుపడి గట్టిగా బ్రేకు తొక్కుతాడు. ఆ తొక్కుడుకే జాయింటు ఊడిపోవచ్చు. కాపాడబోయినవాడే చంపినవాడవుతాడు. అలాగని ఆపకుండా వదిలెయ్యలేడు.

ముందున్న రెండు మలుపుల మధ్య రోడ్డు కాస్త చదునుగా, తిన్నగా సాగే చోటొకటి ఉంది. అక్కడ లారీని ఆపించాడు. దిగి పై మలుపు దాకా నడిచి, కారు వచ్చేవైపు దూరం నుంచే కనబడేలా రోడ్డు పక్కన నిలబడ్డాడు. చొక్కా విప్పి చేత్తో పట్టుకున్నాడు. పరిగెత్తకూడదు, అరవకూడదు అని తనకి తాను చెప్పుకున్నాడు. అక్కడ ఎంతసేపు నిలబడ్డాడో అతనికి గుర్తులేదు. ఎండలో వీపు కాలుతున్న సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.

కారు వచ్చింది. అతను అనుకున్న వేగంలో రాలేదు, ఎద్దుబండిలా వస్తోంది. పోలినాయుడు సగం తల కిటికీ బయట పెట్టి, దారి మీద కంటే చక్రం మీదే చెవి పెట్టి నడుపుతున్నాడు. చిన్నంనాయుడు చొక్కాని నెమ్మదిగా, పశువుల్ని అదిలించినట్టు ఊపాడు. కారు ఇంకా నెమ్మదించి, చదును మీదికి వచ్చి, జారినట్టు ఆగింది.

వెనక సీట్లో ఇరవై ఏళ్ల అమ్మాయి నర్సు ఒళ్లో తల పెట్టుకుని మూలుగుతోంది.

“ఏటయ్యా ఇది!” అని కమలమ్మ అరిచింది. “ఇప్పటికే ఇతగాడు నత్తలా నడుపుతన్నాడు. పైగా నువ్వొచ్చి ఆపడమా? నొప్పులు తీస్తన్నాయి పిల్లకి!”

“అమ్మా, దిగండి. ఈ బండి బాగవలేదు. బాగయిందని నేనే చెప్పాను. చూడకుండా చెప్పాను.”

ఆ మాట అనడానికి అతనికి కొండెక్కినంత కష్టమైంది. కమలమ్మ ఒక్క క్షణం అతన్ని చూసి, తిట్టడం మానేసి, దుప్పటి తీసి రోడ్డు పక్క నీడలో పరిచింది. ఉప్పు లారీ పైకి వెళ్లేది, అక్కడ వెనక్కి తిరగలేక తన దారిన పోయింది. కొరాపుట్ నుంచి దిగే బస్సు ఒకటి రావాలి. ఎప్పుడొస్తుందో ఎవరికీ నిశ్చయంగా తెలియదు. అమ్మాయి పళ్లు బిగించి కమలమ్మ చెయ్యి పట్టుకుంది. నొప్పికీ నొప్పికీ మధ్య వ్యవధి తగ్గుతోందని కమలమ్మ ముఖమే చెబుతోంది. మగవాళ్లిద్దరూ అటు చూడలేక, ఇటు కదల్లేక మలుపువైపు చూస్తూ నిలబడ్డారు. గాలికి ఆకులు గలగలమన్నా బస్సే అనుకున్నారు.

బస్సు ముప్పావు గంటకి వచ్చింది. కండక్టరు సంగతి విని, వెనక పొడుగు సీటు మీద కూర్చున్నవాళ్లని లేపి, అమ్మాయిని పడుకోబెట్టించాడు. కమలమ్మ ఎక్కుతూ వెనక్కి తిరిగి చూసింది. బస్సు మలుపు తిరిగిపోయింది.

అప్పుడు చిన్నంనాయుడు వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ఎడమ ముందు చక్రాన్ని జాకీ మీద లేపాడు. పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపాడు. టకటకమంది. కిందికి దూరి చూస్తే జాయింటు మీది రబ్బరు తొడుగు చినిగి, లోపల గ్రీజంతా మట్టిలా ఎండిపోయి ఉంది. ఇనప గడ సందులో పెట్టి, ఊరికే ఎత్తినట్టు ఎత్తాడు.

కీలు గిన్నెలోంచి ఊడి బయటికి వచ్చింది. చక్రం కాలు విరిగిన పశువులా పక్కకి వాలిపోయింది.

పోలినాయుడు రోడ్డు మీద కూలబడ్డాడు. అతని గొంతులో కోపం లేదు. అదే చిన్నంనాయుడు భరించలేకపోయాడు.

“గూడెం నుంచి ఇక్కడి దాకా నా చెయ్యి వద్దు వద్దంటానే ఉంది మేస్త్రీ. నువ్వు బాగయిందన్నావు కదా అని, నా చేతిని నేనే తిట్టుకుంటా వచ్చాను.”

చిన్నంనాయుడు స్పానరు తీసి, ఊడిన జాయింటుని విప్పి గోనెసంచిలో వేసుకున్నాడు.

మర్నాడు కొత్త జాయింటు బస్సులో తెప్పించి, అదే మలుపులో బిగించి, ఒకటికి నాలుగుసార్లు ఊపి చూశాడు. కారుని తనే నడుపుకుంటూ కొండ దింపాడు. పోలినాయుడు పక్కన కూర్చుని, కిటికీ బయటికి చూస్తూ వచ్చాడు. ఊళ్లోకి రాగానే ఆస్పత్రి ముందు ఆపమన్నాడు. లోపలికి వెళ్లి వచ్చి, “ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు,” అన్నాడు. తాళం తీసుకున్నాడు. ఆ తర్వాత అతను ఆ షెడ్డుకి మళ్లీ ఎప్పుడూ రాలేదు. రోడ్డు మీద ఎదురైతే హారను కొట్టేవాడు, అంతే. చిన్నంనాయుడు చెయ్యెత్తేవాడు. పోలినాయుడు కారు నడపడం మానేసేదాకా వాళ్లిద్దరి మధ్యా మిగిలింది అదొక్కటే.

ఇదీ మేస్త్రి చెప్పింది. చెప్పి, స్పానరు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

గురువు తనని ఓదార్చాడో బెదిరించాడో గౌరీశ్వరరావుకి తేలలేదు. చివరికి, అడగచ్చో లేదో అన్నట్టు అడిగాడు.

“మరి ఆ భయం, గురువుగారూ? మళ్లీ వచ్చిందా?”

“ఆ లారీ ఎక్కకముందే వచ్చింది,” అన్నాడు చిన్నంనాయుడు మేస్త్రి. “ఈసారి పొమ్మనలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాను.”